విదేశంలో మాస్టర్స్‌కు డబ్బు ఎక్కడ దొరుకుతుంది? ఎప్పటి నుంచి వెతకాలి?

నీలిమేఘం:
డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, సబ్జెక్టు పర్యావరణ శాస్త్రం. వేరే దేశంలో మాస్టర్స్ చేయాలనుంది. ఇంట్లోవాళ్లు ఫీజు కట్టే స్థితిలో లేరు, పెద్ద అప్పు మీద వేసుకోవడం నాకు ఇష్టం లేదు. నెట్‌లో వెతికితే వందల స్కాలర్‌షిప్పుల జాబితాలు వస్తున్నాయి. సగానికి గడువు ఎప్పుడో దాటిపోయింది, మిగతావాటిలో నాకు అర్హత ఉందో లేదో తేలడం లేదు. ఉద్యోగ అనుభవం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? "ఫుల్ ఫండింగ్" అంటే నిజంగా అన్ని ఖర్చులూ వస్తాయా? మాస్టర్స్ వదిలేసి నేరుగా పీహెచ్‌డీకి వెళ్తే డబ్బు సులువుగా దొరుకుతుందని కొందరు అంటున్నారు, అది నిజమేనా?

తూర్పుగాలి:
ఆ జాబితాలు పక్కన పెట్టండి. డబ్బు ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు అన్నది ముందు చూసుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. ఇచ్చేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ప్రభుత్వాలు ఇస్తాయి: చదివి వెళ్లాక కూడా తమ దేశంతో సంబంధం నిలుపుకునేవాళ్లు వాటికి కావాలి. యూనివర్సిటీలు ఇస్తాయి: వాటికి చదువులో ముందున్న విద్యార్థులు కావాలి. ప్రాజెక్టు నిధులున్న ప్రొఫెసర్లు ఇస్తారు: వాళ్లకు ఆ ప్రాజెక్టులో పని చేసేవాళ్లు కావాలి. ఒకే వ్యాసం రాసి ముగ్గురికీ పంపితే ఎవరికీ నచ్చదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అనుభవం లేదన్నారు కాబట్టి కొన్నిటిని ఇప్పుడే కొట్టేయొచ్చు. బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్‌కు కనీసం 2,800 గంటల పని అనుభవం చూపాలి, అంటే దాదాపు రెండేళ్లు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంది. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే జర్మనీ సంస్థ డాడ్ (DAAD) నడిపే ఈపోస్‌కు (EPOS) కూడా సాధారణంగా రెండేళ్ల అనుభవం కావాలి, పైగా ఆఖరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఆ రెండూ రెండు మూడేళ్ల తర్వాతి సంగతి. డైరీలో రాసి పెట్టుకోండి.

మీకు ఇప్పుడు అన్నిటికన్నా బాగా సరిపోయేది ఎరాస్మస్ ముండస్ అని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ నిధులిచ్చే, కనీసం రెండు దేశాల్లో చదివే ఉమ్మడి మాస్టర్స్ అది. స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. ఆఖరి సంవత్సరం విద్యార్థులను చాలా కోర్సులు తీసుకుంటాయి, చేరే నాటికి డిగ్రీ పూర్తవుతుందని కాలేజీ లెటర్ పెడితే చాలు. మీ సబ్జెక్టులో నీరు, వాతావరణం, అడవుల మీద కోర్సులున్నాయి. కానీ దీనికి ఒకే దరఖాస్తు అంటూ లేదు. ప్రతి కోర్సుకూ సొంత వెబ్‌సైటు, సొంత ఫారం, సొంత గడువు. ఎక్కువ గడువులు అక్టోబరు, జనవరి మధ్య పడతాయి. యూరోపియన్ యూనియన్ వెబ్‌సైటులో కోర్సుల కేటలాగు ఉంటుంది, దాన్నే నమ్మండి. రిజర్వ్ లిస్టులో పేరు వస్తే వదిలేయకండి, ముందున్నవాళ్లు తప్పుకుంటే కిందివాళ్లకు అవకాశం వస్తుంది.

ఫ్రాన్స్ ఐఫెల్ స్కాలర్‌షిప్పుకు మీరు నేరుగా దరఖాస్తు పెట్టలేరు, అక్కడి విద్యాసంస్థే మీ పేరు పంపాలి. మాస్టర్స్‌కు వయసు పరిమితి 25. జనవరి గడువు సంస్థకు పెట్టింది. మీరు సంస్థను అడగాల్సింది అంతకు చాలా ముందు, శరదృతువులోనే. జపాన్ ప్రభుత్వపు స్కాలర్‌షిప్ మెక్స్ట్‌కు (MEXT) రెండు దారులు: ఎంబసీ ద్వారా, యూనివర్సిటీ ద్వారా. రెండిటికీ పరిశోధన ప్రణాళిక రాయాలి.

పరిశోధనశాల:
పీహెచ్‌డీ మాటకు వస్తే, డబ్బు దొరకడం మాస్టర్స్ కన్నా సులువన్నది నిజమే. కానీ దేశాన్ని బట్టి దారి మారుతుంది.

అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చు. డబ్బు ఎక్కువగా టీచింగ్ అసిస్టెంట్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్ పని రూపంలో వస్తుంది, సెమిస్టరు నడిచేటప్పుడు మామూలుగా వారానికి 20 గంటలు. ఆఫర్ లెటర్ రాగానే మూడు విషయాలు చూడండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే వేసవి మూడు నెలలు మీ సొంత ఖర్చు. ట్యూషన్ మాఫీ అన్నప్పుడు ఇతర ఫీజులు, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయా? చాలాచోట్ల ఉండవు, ప్రతి సెమిస్టరూ జేబులోంచి పోతాయి. ఎన్నేళ్లకు హామీ ఇస్తున్నారు? "నిధుల లభ్యతను బట్టి" అన్న మాట కనిపిస్తే అర్థమేమిటని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, ఏప్రిల్ 15కు ముందే జవాబివ్వమని ఒత్తిడి చేస్తే తొందరపడకండి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయం ఆఫర్ మీద ఆ తేదీ దాకా గడువివ్వాలి.

నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగమే. ప్రకటన పడుతుంది, జీతం ఉంటుంది, ఇంటర్వ్యూ చేస్తారు. కానీ సాధారణంగా ముందు మాస్టర్స్ ఉండాలి, అందుకని మీకు ఇది తర్వాతి మెట్టు. అలాంటి ప్రకటనలు యూరప్ పరిశోధన ఉద్యోగాల సైటు యూరాక్సెస్‌లో (EURAXESS) వస్తాయి. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే పీహెచ్‌డీ కార్యక్రమాలైన మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు ఇంకో మెలిక ఉంది: చేరడానికి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉంటే అర్హత పోతుంది. అంటే రెండేళ్ల మాస్టర్స్ ఏ దేశంలో చేస్తారో అదే దేశంలో వెంటనే ఈ పీహెచ్‌డీకి చేరడం కుదరదు. మాస్టర్స్ దేశం ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుంచుకోవాలి.

కేవలం డబ్బు కోసం పీహెచ్‌డీలో చేరమని మాత్రం చెప్పను. నాలుగైదేళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చునే ఓపిక, ఇష్టం ఉంటేనే.

ఖాతాపుస్తకం:
"ఫుల్ ఫండింగ్" గురించి నాలుగు మాటలు. వచ్చే మొత్తం ఎంతో కాకుండా ఎప్పుడు వస్తుందో అడగండి. మొదటి స్టైపెండ్ సాధారణంగా అక్కడికి వెళ్లి బ్యాంకు ఖాతా తెరిచాకే పడుతుంది. దరఖాస్తు ఫీజులు, భాషా పరీక్ష, వీసా, విమానం టికెట్టు, ఇంటి అడ్వాన్సు, మొదటి నెల అద్దె, ఇవన్నీ దానికి ముందే కట్టాలి. ఎరాస్మస్ ముండస్‌లో ప్రయాణం, వీసా ఖర్చు ఆ 1,400లోనే సర్దుకోవాలి, విడిగా ఇవ్వరు. ఫీజులు తగ్గించుకోవాలంటే యూనివర్సిటీకి ఈమెయిల్ రాసి దరఖాస్తు ఫీజు మాఫీ అడగండి, గడువుకు కనీసం నెల ముందు.

స్కాలర్‌షిప్ లేకుండానే ఖర్చు తగ్గే దారి కూడా ఉంది. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరు రుసుము మాత్రమే ఉంటుంది. మినహాయింపులు తెలుసుకోండి: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి వేరే ఫీజు పెట్టింది. ఫీజు లేకపోయినా వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, నెలకు 992 చొప్పున మాత్రమే తీసుకోనిస్తారు. గుర్తింపు ఉన్న స్కాలర్‌షిప్ లెటర్ ఉంటే అది ఆ మొత్తానికి బదులు పనికొస్తుంది. పాత సలహాల్లో నార్వే ఉచితమని కనిపిస్తుంది, 2023 నుంచి అక్కడ యూరప్ బయటివాళ్లకు ఫీజు ఉంది.

బ్రిటన్ వీసాకు చూపే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. బంధువు దగ్గర తెచ్చి ఆఖరి వారంలో వేస్తే లాభం లేదు.

నీలిమేఘం:
చాలా థ్యాంక్స్ అండీ, ఎరాస్మస్‌తో మొదలుపెడతాను. ఒక సందేహం. నాలుగైదు కోర్సులకు పెడితే సిఫార్సు లేఖల కోసం ఒకే ప్రొఫెసర్‌ను అన్నిసార్లు అడగొచ్చా?

తూర్పుగాలి:
అడగొచ్చు, విడివిడిగా కాకుండా ఒకేసారి అడగండి. ఒక పేజీ తయారుచేసి ఇవ్వండి: కోర్సుల పేర్లు, గడువులు, ఒక్కో కోర్సు ఏం చూస్తుంది, వాళ్ల దగ్గర మీరు చేసిన ప్రాజెక్టు, వచ్చిన మార్కులు. "కష్టపడే విద్యార్థి" అని రాసిన లేఖకు విలువ తక్కువ. ఫలానా నీటి నమూనాల విశ్లేషణలో లోపం పట్టుకుని సరిదిద్దింది అని రాసిన లేఖ పని చేస్తుంది. ఆ వివరం వాళ్లకు గుర్తుండకపోవచ్చు, మీరే అందించాలి. అడగడం గడువుకు ఆరు వారాల ముందు, గుర్తు చేయడం పది రోజుల ముందు.

కొన్ని కోర్సులు లేఖను మీరే అప్‌లోడ్ చేయమంటాయి, కొన్ని ప్రొఫెసర్‌కు లింకు పంపుతాయి. లింకు వచ్చేది స్పామ్‌లోకి కావచ్చు, అక్కడా చూడమని చెప్పండి. వాళ్ల కాలేజీ ఈమెయిల్ ఇవ్వండి, వ్యక్తిగత చిరునామాను కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. చాలా పోర్టళ్లు మీరు ఫారంలో రిఫరీ (లేఖ రాసే ప్రొఫెసర్) పేరు నింపాకే లింకు పంపుతాయి. అందుకని వ్యాసం పూర్తికాకపోయినా ఆ పేజీ ముందు నింపేయండి. గడువు పక్కన ఏ దేశపు సమయమో రాసి ఉంటుంది, అదీ చూసుకోండి.