బ్రిటన్‌లో కొత్త వామపక్ష పార్టీ: నిలబడుతుందా, ఓట్లు చీల్చి పోతుందా?
(2025 చివర్లో బ్రిటన్‌లోని తెలుగువాళ్ల మధ్య సాగిన చర్చ)

లెస్టర్ తెలుగువాడు:
2025 జులైలో ఎంపీ జారా సుల్తానా అధికారంలో ఉన్న లేబర్ పార్టీకి రాజీనామా చేసి, ఆ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ కోర్బిన్‌తో కలిసి కొత్త పార్టీ పెడతామన్నారు. కొద్ది రోజుల్లోనే ఆరు లక్షల మందికి పైగా పేర్లు ఇచ్చారు. నవంబరు చివర్లో లివర్‌పూల్ మహాసభ ‘యువర్ పార్టీ’ అనే పేరునే ఖాయం చేసింది. నేనుండేది లెస్టర్ సౌత్ నియోజకవర్గంలో. 2024లో ఇక్కడ లేబర్ ప్రముఖుడు జొనాథన్ యాష్‌వర్త్ ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో 979 ఓట్లతో ఓడిపోయారు. లేబర్‌కు ఎడమవైపు చోటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరేమంటారు?

టేమ్స్ గట్టు:
చోటుంటే సరిపోదండీ, సీట్లు రావాలి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి ఇది. 1981లో లేబర్ నుంచి చీలి ఎస్‌డీపీ (సోషల్ డెమొక్రటిక్ పార్టీ) పెట్టినవాళ్లు సామాన్యులు కారు, మాజీ మంత్రులు. 1983లో లిబరల్స్‌తో కూటమి కట్టి 25 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. వచ్చిన సీట్లు 23. అంతకంటే రెండు శాతమే ఎక్కువ తెచ్చుకున్న లేబర్‌కు 209. ఇప్పుడు ఎడమవైపు ఓటు చీలితే లాభం వలసలను వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్‌కే. ఆయన రిఫార్మ్ పార్టీ ఐఎల్‌ఆర్‌నే, అంటే శాశ్వత నివాస అనుమతినే ఎత్తేస్తామంటోంది. మన పిల్లల బతుకులతో ఈ ప్రయోగం నాకు భయంగా ఉంది.

బర్మింగ్‌హామ్ బావ:
గట్టు గారూ, ఆ లెక్కను రెండోవైపు నుంచి కూడా చూడండి. 2024లో రిఫార్మ్‌కు 14 శాతం ఓట్లు, 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు 12 శాతం ఓట్లు, 72 సీట్లు. అంటే ఓట్లు దేశమంతా పలచగా పడ్డాయా, కొన్నిచోట్ల చిక్కగా పడ్డాయా అన్నదే తేల్చేది. కోర్బిన్ ఇజ్లింగ్టన్ నార్త్‌లో ఏ పార్టీ అండా లేకుండా 7,247 ఆధిక్యంతో గెలిచారు. ఇల్ఫర్డ్ నార్త్‌లో లేబర్ ప్రముఖుడు వెస్ స్ట్రీటింగ్ ఒక స్వతంత్ర అభ్యర్థి మీద కేవలం 528 ఓట్లతో గట్టెక్కారు. గాజా విషయంలో, అద్దెల విషయంలో జనం కోపం నిజమైనది. అది ఎక్కడెక్కడ పేరుకుని ఉందో అక్కడే పోటీ చేస్తే సరి.

లీడ్స్ నర్సు:
ఆ కోపం ఇప్పటికే గ్రీన్స్ (గ్రీన్ పార్టీ) వైపు వెళ్తోంది కదా తమ్ముడూ. సెప్టెంబరులో జాక్ పొలాన్‌స్కీ నాయకుడయ్యాక వాళ్ల సభ్యత్వం రెండింతలు దాటింది, లక్షన్నర పైనే. నలుగురు ఎంపీలు, ఊరూరా కౌన్సిలర్లు ముందే ఉన్నారు. మళ్లీ ఇంకో జెండా దేనికి?

వరంగల్ టు వాట్‌ఫర్డ్:
నన్ను బాధపెట్టేది ఎన్నికల పద్ధతి కాదు, ఇంటి గొడవ. సెప్టెంబరులో సుల్తానా వర్గం సభ్యత్వ నమోదు తెరిచింది. డబ్బు కట్టినవాళ్లను అదే రోజు కోర్బిన్ వర్గం రద్దు చేసుకోమంది. మహాసభకు ముందే, కలిసి వచ్చిన ఇద్దరు స్వతంత్ర ఎంపీలు వెళ్లిపోయారు. వేరే పార్టీల్లో ఉన్నారని కొందరిని బయటకు పంపితే, నిరసనగా సుల్తానా తొలిరోజు సభలోకే రాలేదు. ఒక్క నాయకుడా, సమష్టి నాయకత్వమా అన్న ఓటింగులో సమష్టి వాదం 51.6 శాతంతో నెగ్గింది. అంటే సగానికి సగం. ఆరు లక్షల పేర్లలో సభ్యులైంది యాభై వేల పైచిలుకు.

లేబర్ ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. 1900లో దాన్ని మొదలుపెట్టింది కార్మిక సంఘాలు, సోషలిస్టు సంస్థలు కలిసి. మొదట్లో చాలా సంఘాలు దూరంగానే ఉన్నాయి. 1901లో టాఫ్ వేల్ తీర్పు వచ్చింది. సమ్మె చేసినందుకు రైల్వే సంఘం కంపెనీకి 23 వేల పౌండ్లు కట్టాల్సి వచ్చింది. పార్లమెంటులో మన మనిషి లేకపోతే సమ్మె హక్కే మిగలదని సంఘాలకు అప్పుడు అర్థమైంది. చందాలు వచ్చాయి, అభ్యర్థులు వచ్చారు. 1903లో లిబరల్స్‌తో రహస్యంగా సీట్ల ఒప్పందం చేసుకున్నారు, 1906లో 29 మంది గెలిచారు. కింద సంఘం బలం, పైన సీట్ల సర్దుబాటు. కొత్త పార్టీకి ఈ రెండూ లేవు. యునైట్ అనే పెద్ద కార్మిక సంఘం లేబర్ మీద మండిపడుతోంది గానీ ఇంకా దాన్ని విడిచి రాలేదు. అది కదిలిన రోజు నేను మాట మారుస్తాను.

బర్మింగ్‌హామ్ బావ:
ఒప్పందం మాట బాగుందన్నా. కానీ ఎడమవైపు ఒత్తిడి లేకపోతే లేబర్ కదులుతుందా? మూడో బిడ్డకు భత్యం ఆపే నిబంధన ఎత్తేయాలని ఓటేసినందుకు 2024 జులైలో సుల్తానా సహా ఏడుగురిని సస్పెండ్ చేశారు. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ నిబంధననే ఎత్తేస్తున్నామని ప్రకటించారు.

లీడ్స్ నర్సు:
ఒక్క విషయం, ఇక్కడ చాలామందికి తెలియదు. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి, వీసా మీద ఉన్నా మనకు ఓటుంది. 2024లో పోలింగ్ కేంద్రంలో నా బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డు చూపించే ఓటేశాను. శాశ్వత నివాసానికి ఐదేళ్లను పదేళ్లు చేస్తామని శ్వేతపత్రం తెచ్చింది లేబర్ ప్రభుత్వమే. అందుకే గట్టు గారిలా రిఫార్మ్ భయంతో లేబర్‌కే వేయడం నావల్ల కాదు. పేరు నమోదు చేసుకోండి, ముందు అది.

లెస్టర్ తెలుగువాడు:
వాట్‌ఫర్డ్ అన్న చెప్పింది నాకు ఎక్కింది. 2026 మేలో లండన్ బరో కౌన్సిళ్ల ఎన్నికలున్నాయి. హాక్నీ, ఇజ్లింగ్టన్ లాంటి చోట్ల గ్రీన్స్, యువర్ పార్టీ వార్డులు పంచుకుంటాయా, ఒకదాని మీద ఒకటి నిలబెడతాయా? నేను చూసేది అదే. పంచుకోకపోతే లెస్టర్‌లో వాళ్ల కరపత్రాలు పంచడానికి నేను వెళ్లను.

టేమ్స్ గట్టు:
పంచుకుంటే నేనూ వస్తాను.