వేడెక్కగానే జారిపోతున్న శోషణ: సిలికాన్ కార్బైడ్ పలకలతో మీ అనుభవాలు?

కొలిమి_రాజు: మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకోవడానికి అల్యూమినాలో (ఒక సిరామిక్) సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి 2.5 మి.మీ. మందంతో పలక చేశాం. గది ఉష్ణోగ్రతలో 10 గిగాహెర్ట్జ్ దగ్గర లోతైన డిప్ (తిరిగొచ్చే తరంగం బాగా తగ్గే చోటు) వచ్చింది. 600 డిగ్రీలకు తీసుకెళ్తే ఆ డిప్ ఎక్స్ బ్యాండ్‌లోనే (8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్) లేదు. ఫిల్లర్ (కలిపిన పొడి) పాడైపోయిందంటారా?

సంధ్య_మైక్రోవేవ్: పాడవలేదండి. సిలికాన్ కార్బైడ్ సెమీకండక్టర్ కదా, వేడెక్కేకొద్దీ వాహకత పెరుగుతుంది, దాంతోపాటు పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే స్థాయి) కూడా. అది పెరిగితే పలక లోపల తరంగదైర్ఘ్యం తగ్గుతుంది, పలక మందం అందులో పావు వంతు అయ్యే చోటే డిప్ వస్తుంది. మీ మందానికి లెక్క వేసి చూడండి. పర్మిటివిటీ 9 ఉంటే పావు తరంగదైర్ఘ్యం సరిగ్గా 10 గిగాహెర్ట్జ్‌కి కుదురుతుంది. 16 అయితే 7.5కి దిగిపోతుంది, ఎక్స్ బ్యాండేమో 8.2 దగ్గర మొదలు. పైగా ఉపరితలం దగ్గర గాలికీ పలకకీ మధ్య ఇంపిడెన్స్ (తరంగానికి ఎదురయ్యే అవరోధం) తేడా పెరిగి, తరంగం లోపలికి పోకుండానే వెనక్కి తిరుగుతుంది. పలకకు శోషించే శక్తి ఉంది, శోషించడానికి లోపలికి వచ్చేదే తక్కువ.

గిరి99: ఇంత కష్టం ఎందుకు, ఇనుప పొడి వేస్తే సరిపోదా? పలచగా కూడా అవుతుంది.

సంధ్య_మైక్రోవేవ్: ఇనుము క్యూరీ ఉష్ణోగ్రత 770, నికెల్‌ది 358 డిగ్రీలే. అది దాటితే అయస్కాంత గుణం పోతుంది, ఇక అయస్కాంత నష్టం (ఆ గుణంతో తరంగ శక్తిని పీల్చుకోవడం) మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇనుము గాలిలో అంతకంటే చాలా ముందే ఆక్సైడ్ అయిపోతుంది కూడా. అందుకే ఈ పనికి డైఎలక్ట్రిక్ నష్టమే (తరంగపు విద్యుత్ క్షేత్రం నుంచి శక్తిని పీల్చుకోవడం) దిక్కు.

పింగాణీ_పిచ్చి: రాజు గారూ, కొలిచింది వేవ్‌గైడ్‌లోనా (తరంగాన్ని నడిపించే లోహపు గొట్టం)? స్టీల్ గైడ్ అల్యూమినా కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 10.16 మి.మీ. ఎత్తులో 600 డిగ్రీలకు 0.05 మి.మీ. వరకు సందు ఏర్పడుతుంది. ఆ సందు వల్ల పర్మిటివిటీ తక్కువగా కనిపిస్తుంది. అంటే మీ అసలు విలువ ఇంకా ఎక్కువే ఉండొచ్చు!

కొలిమి_రాజు: వేవ్‌గైడ్‌లోనేనండి. ఇది వింటే ఇంకా టెన్షన్ పట్టుకుంది. ఫిల్లర్ తగ్గించమంటారా?

సంధ్య_మైక్రోవేవ్: నేనైతే తగ్గిస్తాను. చల్లగా ఉన్నప్పుడు డిప్ బ్యాండ్ పై అంచున పడనివ్వండి, వేడెక్కాక అదే మధ్యకు వస్తుంది. గది ఉష్ణోగ్రత గ్రాఫ్ అందంగా ఉండాలన్న పట్టుదల ఈ పనిలో అనవసరం.

పింగాణీ_పిచ్చి: టైటానియం సిలికాన్ కార్బైడ్ కొంచెం కలపడం ఇంకో దారి. లోహంలా ప్రవర్తిస్తుంది కాబట్టి వేడికి దాని వాహకత తగ్గుతుంది, రెండూ కొంతవరకు సర్దుకుంటాయి. గాలిలో మాత్రం జాగ్రత్త. ఆక్సీకరణం చెందితే రూటైల్ (ఒక టైటానియం ఆక్సైడ్) వస్తుంది, దాని పర్మిటివిటీ 100 ప్రాంతంలో ఉంటుంది, మీ లెక్క మొత్తం తారుమారు. ముందు హార్న్ యాంటెనాలతో ఫ్రీ స్పేస్‌లో (గైడ్ లేకుండా బయట) ఒకసారి కొలవండి, సందు గొడవ ఉండదు. పలక మాత్రం బీమ్ కంటే బాగా వెడల్పుగా ఉండాలి.