16 ఫొటోలు పేర్చినా అక్షరం తేలలేదు. తప్పు కోడ్‌దా, ఫొటోలదా?

గోదారిగట్టు:
పాత దస్తావేజు పేజీలో అక్షరాలు చదవాలి. ఫోన్ చేత్తో పట్టుకుని తీసిన 16 జేపెగ్‌లు. ఓపెన్‌సీవీ (బొమ్మలతో పనిచేసే కోడ్ లైబ్రరీ)లో ఫైండ్‌ట్రాన్స్‌ఫార్మ్‌ఈసీసీ (ఫొటోలను ఒకదాని మీదికి ఇంకోటి సరిపెట్టే ఫంక్షన్), హోమోగ్రఫీ మోడ్ (కెమెరా కోణం తేడా కూడా సరిచేసేది). అన్నిటినీ మొదటి ఫొటో మీదికి తెచ్చి, సగటు తీసి, 2 రెట్లు పెంచాను. నాయిస్ పోయింది. అక్షరాలు మాత్రం ఒక్క ఫొటోని బైక్యూబిక్‌తో (పక్క పిక్సెళ్లని బట్టి నింపే మామూలు పద్ధతి) పెంచినట్టే ఉన్నాయి. ఎక్కడ తప్పుతోంది?

పిక్సెల్_పంతులు:
వరసే తప్పండీ. పాత సైజులోకి వార్ప్ చేసినప్పుడే (జరిపి సరిపెట్టినప్పుడే) సబ్‌పిక్సెల్ తేడాలన్నీ, అంటే పిక్సెల్ కన్నా చిన్న తేడాలు, ఇంటర్‌పొలేషన్‌లో (పక్క విలువల నుంచి అంచనా కట్టడంలో) కరిగిపోయాయి. 2 రెట్ల గ్రిడ్ ముందే వేసుకుని, ప్రతి ఫ్రేములోని (ఒక్కో ఫొటోలోని) పిక్సెల్‌నీ నేరుగా అందులో దాని చోట వేయండి. పాత ఫొటోలో ఎక్స్ దగ్గరున్న పిక్సెల్ మధ్యబిందువు కొత్త గ్రిడ్‌లో 2ఎక్స్ కాదు, 2ఎక్స్+0.5. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

చుక్కలముగ్గు:
+0.5 మరిచినా అన్ని ఫ్రేములూ కలిసే జరుగుతాయి, మసక రాదు. అసలు జబ్బు జేపెగ్. ఫోన్ లోపలే డీమొజాయిక్ (సెన్సార్ చుక్కల నుంచి రంగులు కట్టడం), నాయిస్ రిడక్షన్, షార్ప్‌నింగ్ అయిపోతాయి. ఆపైన జేపెగ్ 8×8 బ్లాకుల్లో సన్న గీతలు కోసేస్తుంది. ఫ్రేముల్లో అలియాసింగ్ (పిక్సెల్‌కి పట్టని సన్న గీతల జాడ) మిగలకపోతే పేర్చి లాభమేంటి? డీఎన్‌జీ (సెన్సార్ ఇచ్చినదాన్ని దాదాపు అలాగే ఉంచే రా ఫైలు) తీయండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. షట్టర్ 1/250 లేదా ఇంకా వేగంగా పెట్టండి. స్టాండ్ వద్దు, చేతి వణుకే కావాలి. కెమెరా కదలకపోతే 16 తీసినా ఒకటే ఫొటో. 2 రెట్లకి కనీసం 4 వేర్వేరు సగం పిక్సెల్ స్థానాలు పడాలి.

రైలుకట్ట:
ఇంత తంటా ఎందుకు? ఈఎస్‌ఆర్‌గ్యాన్‌లో (ఫొటోలు పెంచే ఏఐ నెట్‌వర్క్) ఒక్క ఫొటో వేయండి, నీట్‌గా వస్తుంది.

పిక్సెల్_పంతులు:
0.5ని అంత తేలిగ్గా తీసేయకండి. ఇరానీ, పెలెగ్ అనే పరిశోధకులు 1991లో చెప్పిన బ్యాక్ ప్రొజెక్షన్‌లో అంచనా చిత్రాన్ని మసకబార్చి, జరిపి, కుదించి, అసలు ఫొటోతో పోల్చాలి. కుదించడానికి ఒక లెక్క, పెంచడానికి ఇంకో లెక్క వాడితే ప్రతి విడతలోనూ గీత పక్కన నీడ గీత పేరుకుంటుంది.

చుక్కలముగ్గు:
గోదారిగట్టు గారు ఇంకా బ్యాక్ ప్రొజెక్షన్ దాకా రాలేదు కదా!

పిక్సెల్_పంతులు:
పోయిన థ్రెడ్‌లోనూ ఇదే తంతు. నేను అలైన్‌మెంట్ అంటే మీరు సెన్సార్ అంటారు. ఆయనకి కావలసింది పేజీ చదవగలగడం. రైలుకట్ట చెప్పిన దారిలో వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

చుక్కలముగ్గు:
నాకుంది. ‘థ’కీ ‘ధ’కీ తేడా కడుపులో చుక్క. ఆయన ఫొటోలో అది మహా అయితే 2 పిక్సెళ్లు. నెట్‌వర్క్ తను నేర్చుకున్న బొమ్మలను బట్టి ఆ చుక్క పెట్టనూ వచ్చు, తీసేయనూ వచ్చు. రెండూ అంతే స్పష్టంగా కనిపిస్తాయి. సర్వే నంబరులో 3 కాస్తా 8 అయితే ఎవరి పొలం ఎవరిదవుతుంది? ఇది దస్తావేజండీ, పెళ్లి ఫొటో కాదు.

పిక్సెల్_పంతులు:
ఆ మాట మొదటే అనాల్సింది. అలాగైతే ఫ్రేములని సరి, బేసిగా 8 చొప్పున విడగొట్టి రెండుసార్లు విడివిడిగా నడపండి. ఒకదాంట్లోనే కనబడిన గీతని నమ్మొద్దు. సగటు బదులు మీడియన్ (వరసలో పేర్చితే నడిమి విలువ) వాడండి, అలైన్‌మెంట్ తప్పిన ఒకటి రెండు ఫ్రేములు మిగతావాటిని చెడగొట్టవు.

గోదారిగట్టు:
ఉన్న జేపెగ్‌లతోనే, 2 రెట్ల గ్రిడ్‌లో, మీడియన్‌తో నడిపాను. సర్వే నంబరు రెండింట్లోనూ ఒకటే. పేరులో చుక్క సరి ఫ్రేముల్లో ఉంది, బేసిలో లేదు. రేపు పొద్దున వెలుతురులో డీఎన్‌జీలు తీసి పెడతాను.