జాంగో ఇన్‌క్లూజన్ ట్యాగ్‌లో యూఆర్ఎల్ పారామీటర్ ఖాళీగా వస్తోంది, ఎలా అందుకోవాలి?

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సైట్ యూఆర్ఎల్ ప్యాటర్న్‌లో స్లగ్ (పేజీ ఏ విభాగానిదో తెలిపే పదం) అనే పారామీటర్ ఉంది. సైడ్‌బార్‌లో ఆ విభాగం లింకుకి మాత్రమే యాక్టివ్ క్లాస్ పెట్టాలి. టెంప్లేట్‌వ్యూ (జాంగో ఇచ్చే రెడీమేడ్ వ్యూ క్లాస్) అయితే టెంప్లేట్‌లో స్లగ్ అని రాస్తే చాలు, విలువ వచ్చేస్తోంది. లిస్ట్‌వ్యూ అనే మరో క్లాస్ యూఆర్ఎల్ క్వార్గ్స్‌ని (యూఆర్ఎల్ నుంచి పేర్లతో వచ్చే విలువల్ని) కాంటెక్స్ట్‌లోకి, అంటే టెంప్లేట్‌కి అందే డేటాలోకి, పంపదు కాబట్టి అక్కడ ఖాళీ. ఎర్రర్ కూడా చూపించదు, అదే అసలు చిరాకు!

వ్యూ.క్వార్గ్స్.స్లగ్ అంటే లిస్ట్‌వ్యూలో పనిచేస్తోంది గానీ, ఫంక్షన్ వ్యూల టెంప్లేట్‌లో వ్యూ అనేదే ఉండదు. రిక్వెస్ట్.రిజాల్వర్_మ్యాచ్.క్వార్గ్స్.స్లగ్ మాత్రం అన్నిచోట్లా సరిగ్గా వస్తోంది (రిక్వెస్ట్‌ని టెంప్లేట్‌లకి అందించే రిక్వెస్ట్ కాంటెక్స్ట్ ప్రాసెసర్ సెట్టింగ్స్‌లో ఉంది). తీరా సైడ్‌బార్‌ని ఇన్‌క్లూజన్ ట్యాగ్‌గా (తన సొంత టెంప్లేట్‌ని చూపించే ట్యాగ్‌గా) మార్చగానే మళ్లీ ఖాళీ.

టేక్స్_కాంటెక్స్ట్‌కి (పేజీ కాంటెక్స్ట్‌ని ట్యాగ్‌కి అందించే ఆప్షన్‌కి) ట్రూ ఇచ్చి, ట్యాగ్ తిరిగిచ్చే డిక్షనరీలో రిక్వెస్ట్‌ని కూడా పెట్టాలా? లేక స్లగ్ ఒక్కదాన్నే ట్యాగ్‌కి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే మేలా? స్లగ్ లేని పేజీల్లోనూ ఇదే ట్యాగ్ వాడాలి.