సర్వర్‌లోనే కోడ్ దిద్దుతున్నాం, గిట్ ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న

డ్రిప్ పైపులు, స్ప్రింక్లర్లు అమ్మే ఒక చిన్న దుకాణం బిల్లుల సైటును నేనూ నా మిత్రుడూ చూసుకుంటాం. పీహెచ్‌పీలో రాసింది. నేను ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే సర్వర్‌ను వాడే పద్ధతి) సర్వర్‌లోకి వెళ్లి, నానో అనే ఎడిటర్‌లో దిద్దుతాను. అతను ఫైలును తన కంప్యూటర్‌లోకి దించుకుని, మార్చి, మళ్లీ ఎక్కిస్తాడు.

2025 సెప్టెంబరు 22న స్ప్రింక్లర్లపై జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ముందురోజు రాత్రే రేటు మార్చాను. అతను సాయంత్రమే దించుకున్న అదే ఫైలులో దుకాణం చిరునామా సరిచేసి, నా తర్వాత అరగంటకు ఎక్కించాడు. నా మార్పు పోయింది. మర్నాడు పదకొండు మంది రైతుల బిల్లుల్లో 12 శాతమే పడింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇచ్చాం. ఎక్కువ ఎందుకు తీసుకున్నారని ఒక పెద్దాయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

బిల్లు ఫైలు పక్కన ‘పాతది’, ‘పాతది2’, ‘ఇదే సరైనది’ అంటూ తొమ్మిది నకళ్లున్నాయి. ఫైళ్లలో ప్రతి మార్పు చరిత్రనూ దాచే గిట్‌ను సైటు నడుస్తున్న ఫోల్డర్‌లోనే మొదలుపెట్టవచ్చా, అంటే గిట్ ఇనిట్ చేయవచ్చా? సైటు ఆగుతుందా?

మొదటి జవాబు

ఆగదు. గిట్ ఇనిట్ మీ ఫైళ్లను ముట్టుకోదు, డాట్ గిట్ అనే ఫోల్డర్‌ను మాత్రం చేరుస్తుంది. ప్రమాదం ఆ ఫోల్డర్‌తోనే. సైటు చిరునామా చివర /.గిట్/హెడ్ అని ఆంగ్లంలో కొట్టి బ్రౌజర్‌లో చూడండి. ఒక వరుస కనిపించిందంటే మీ కోడ్, దాని చరిత్ర ఎవరైనా దించుకోవచ్చు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు పేరును మొదటి కమిట్‌కు (మార్పులను చరిత్రలో నమోదు చేయడం) ముందే డాట్ గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో రాయండి. ఒకసారి కమిట్ అయితే, తర్వాత ఫైలు తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది. అప్పుడు పాస్‌వర్డే మార్చుకోవాలి.

రెండో జవాబు

అయినా ఆ రాత్రి జరిగింది దీనితో ఆగదండీ. ఇద్దరూ ఒకే ఫోల్డర్‌లో రాస్తున్నంత కాలం ఒకరిది మరొకరు చెరిపేస్తూనే ఉంటారు. సర్వర్‌లోనే సైటు ఫోల్డర్‌కు బయట, మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక బేర్ రిపాజిటరీ (దిద్దే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే గిట్ ఫోల్డర్) పెట్టండి. ఇద్దరూ దాన్ని క్లోన్ చేసుకుని (పూర్తి నకలు దించుకుని), తమ కంప్యూటర్‌లో మార్చి, కమిట్ చేసి, పుష్ చేయాలి (అక్కడికి పంపాలి). పుష్ రాగానే దానంతట అదే నడిచేలా మీరు రాసిపెట్టే చిన్న స్క్రిప్ట్, పోస్ట్-రిసీవ్ హుక్, కొత్త ఫైళ్లను సైటు ఫోల్డర్‌లోకి చెకౌట్ చేస్తుంది, అంటే అక్కడ పెడుతుంది. అక్కడ డాట్ గిట్ ఉండదు కాబట్టి పైన చెప్పిన ప్రమాదమూ లేదు. మీరు ముందే పుష్ చేసి ఉంటే అతని పుష్‌ను గిట్ తిరస్కరిస్తుంది, ముందు పుల్ చేసుకోమంటుంది (మీ మార్పులు దించి కలుపుకోమంటుంది). ఆ రోజు మీకు లేకపోయింది ఆ అడ్డే.

ఒక్క షరతు: ఇక సర్వర్‌లో చేత్తో దిద్దకూడదు. హుక్ చేసే బలవంతపు చెకౌట్ ఆ మార్పును అడగకుండా చెరిపేస్తుంది.

ఆ తొమ్మిది నకళ్లను పారేయకండి. తేదీల వరుసలో ఒక్కొక్కటి అసలు పేరుతోనే పెట్టి కమిట్ చేయండి. కమిట్‌కు పాత తేదీ కూడా ఇవ్వవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చేశాను. సైటు ఫోల్డర్ యజమాని వేరే యూజర్ కావడంతో హుక్ మొదట ఆగిపోయింది. ఫోల్డర్‌ను నా పేరుకు మార్చి, చదివే హక్కు మాత్రం వెబ్ సర్వర్‌కు ఇచ్చాక నడిచింది. నకళ్లన్నీ వరుసగా కమిట్ చేసి డిఫ్ (ఒకదానికీ మరోదానికీ తేడా) చూస్తే, పైసలను దగ్గరి రూపాయికి సవరించే వరుస ఆరో నకలులోనే మాయమైందని తెలిసింది. దాన్ని తిరిగి చేర్చి పుష్ చేశాను. మిత్రుడు ఇప్పుడే క్లోన్ చేసుకుంటున్నాడు.