అప్‌డేట్: పులి వేషంలో మా బాబాయి దొరికాడు

దసరాకి పులి వేషం కట్టే మా బాబాయి బొమ్మ వేస్తుంటే పులే కనిపిస్తోంది, మనిషి కనిపించట్లేదని పోయిన నెల ఇక్కడ అడిగాను. ముందు చారలు లేని ముఖం వెయ్యమన్నారు. అలాగే చేశాను. అమలాపురంలో ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, రంగు పూసుకోకముందే దవడలు, కళ్ల కింద ముడతలు అక్రిలిక్ రంగుల్లో వేసుకున్నాను. ఆరాక పైన ఆయిల్ రంగుల్లో పసుపు పల్చగా పూసి, ముఖం వంపుల వెంబడే చారలు దిద్దాను. ట్యూబులో వచ్చే నలుపు మానేసి అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలిపితే చారలకి ప్రాణం వచ్చింది.

అన్నిటికంటే కష్టం చెమట. డప్పులకి అరగంట ఆడాక కణత దగ్గర రంగు కారి అసలు చర్మం బయటపడుతుంది. మా బాబాయి ఉన్నది అక్కడే. మూడు రోజులు ఆ కాస్త మేరే దిద్దాను. పిన్ని చూసి, “అలిసిపోయి ఇంటికొస్తే అచ్చం ఇలాగే ఉంటారు” అంది.

ఈ ముసురుకి ఆయిల్ ఇంకా ఆరలేదు. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగుతాను.