మన డిగ్రీ కాలేజీల్లో నడిచే ప్రోగ్రామ్ నిజంగా పనిచేస్తుందా అని స్టడీ చేయడానికి గవర్నమెంట్ గ్రాంట్ ఎక్కడ అడగాలె?

ఎకనామిక్స్_మేడం:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌ల గవర్నమెంట్ డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్త. మా దగ్గర టీఎస్‌కేసీ (తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్) ఉంది, పాత జేకేసీ అంటే చాలామందికి గుర్తొస్తది, డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్, కంప్యూటర్, ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇచ్చేది. ఏటా ఎంతమంది చేరిన్రు, ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది అని లెక్క రాస్తం. కానీ ఈ ట్రైనింగ్ లేకపోయినా ఆ పిల్లకి ఆ ఉద్యోగం వచ్చేదేనా అన్నది ఆ లెక్కల తెలవదు. మా పిల్లలు చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేటోళ్ళు, క్లాసులు అయిపోంగనే పార్ట్‌టైం పనికి ఉరుకుతరు, అసొంటోళ్ళను ఇంకో గంట కూసోబెడుతున్నమంటే వాళ్ళకు దాంతోని ఏమన్న లాభం ఉండాలె కదా. రెండు మూడేళ్ళు వాళ్ళని ఫాలో అయ్యి సర్వే చేయాలని ఉంది, జేబుల డబ్బుతో అయ్యే పని కాదు. ఎవరిస్తరు?

రిటైర్డ్_సోషియాలజీ:
మంచి ప్రశ్న మేడం. కాలేజీ టీచర్లకి యూజీసీ ఇచ్చే చిన్న పరిశోధన గ్రాంట్లు, అంటే మైనర్ ప్రాజెక్టుల మీద ఆశ పెట్టుకోకండి, 12వ పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిసాక ఆ దారి మూసుకుపోయింది. మీకు సరిపోయేది ఢిల్లీలోని ఐసీఎస్‌ఎస్‌ఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సైన్స్ రీసెర్చ్). 1969 నుంచి సోషల్ సైన్స్ పరిశోధనకి కేంద్రం డబ్బు ఇస్తున్నది ఎక్కువగా దాని ద్వారానే, ప్రాజెక్టులకి నోటిఫికేషన్ వేసినప్పుడు ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి. వాళ్ళ సదరన్ రీజినల్ సెంటర్ మన ఓయూ క్యాంపస్‌లోనే ఉంది, వెళ్ళి మాట్లాడండి, కానీ ప్రాజెక్టు సాంక్షన్ చేసేది ఢిల్లీయే. బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) కూడా ఐసీఎస్‌ఎస్‌ఆర్ సాయంతో నడిచే సంస్థే, అక్కడివాళ్ళు ఒకరు మీతో కలిస్తే ప్రపోజల్‌కి బలం వస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీలకీ కాలేజీలకీ నిధులిచ్చే కేంద్ర పథకం రూసా పేరు 2023లో పీఎం ఉష అయింది, అందులో డబ్బులున్నాయి కదా అని ఎవరైనా చెప్తారు, కేంద్రం 60 రాష్ట్రం 40 వేసుకుని ఇచ్చే ఆ నిధులు ఎక్కువగా బిల్డింగులకీ ల్యాబులకీ. మీ పని దానిలో ఇమడదు.

మూసీ_ఒడ్డు:
నేను ఎవాల్యుయేషన్ పనే చేస్తా మేడం. డబ్బు కన్నా ముందు డిజైన్ చూడండి, ప్రపోజల్ చదివేవాళ్ళు అక్కడే పట్టుకుంటారు. టీఎస్‌కేసీకి తమంతట తాము వచ్చే పిల్లలు మామూలుగానే కాస్త చొరవ ఉన్నవాళ్ళు, రానివాళ్ళతో పోలిస్తే వీళ్ళకే ఉద్యోగాలు ఎక్కువ వస్తాయి, అది ట్రైనింగ్ గొప్పతనం అని రాస్తే ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువ వస్తే లాటరీ తీయండి, సీటు రానివాళ్ళే మీ పోలిక గ్రూప్ అవుతారు, పిల్లలకి అన్యాయం చేసినట్టు కూడా కాదు ఎందుకంటే ఎలాగూ అందరికీ సీటు లేదు. లాటరీ కుదరకపోతే ఇంటర్ మార్కులు, మీడియం, ఇంటి ఆదాయం చేరకముందే రాసిపెట్టుకోండి, తర్వాత అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. పిల్లల సిమ్‌లు మారిపోతుంటాయి కాబట్టి అమ్మ నంబర్, దోస్తు నంబర్ కూడా తీసుకోండి. దొరకని వాళ్ళంతా ఉద్యోగం లేనివాళ్ళే అయితే మీ లెక్క మొత్తం తప్పు చూపిస్తుంది.

ఇంకో మాట, మీ కాలేజీ ప్రోగ్రామ్‌ని మీరే కొలుస్తున్నారు కాబట్టి సర్వే చేసేవాళ్ళు బయటివాళ్ళై ఉండాలి.

లెక్కల_డిపార్ట్‌మెంట్:
కాలేజీల గ్రాంట్ ఫైళ్ళు చూసేటోడిగా చెప్తున్న మేడం. డబ్బు మీ పేరు మీద రాదు, కాలేజీకి వస్తది, కాబట్టి ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటర్, కాలేజీ విద్య కమిషనరేట్ పర్మిషన్ ముందే పట్టుకోండి. విడతలల్ల వస్తది, మొదటి విడత పైసలు ఎట్ల ఖర్చయినయో చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్ పోయేదాక రెండోది కదలదు, ఆఖరిది ఫైనల్ రిపోర్ట్ ఒప్పుకున్నంకనే. నాకు తెలిసిన ఒక కాలేజీల ఒక పద్దు కింద వచ్చిన పైసలు ఇంకో పద్దుకు ఖర్చు పెట్టిన్రు, ఆడిట్‌ల ఆగిపోయి సర్వే చేసే పిల్లలకి నెలల తరబడి జీతం రాలే, పాపం వాళ్ళు అందరి చుట్టూ తిరిగిన్రు. ఫీల్డ్ వర్క్ పైసలు ఫీల్డ్ వర్క్‌కే పెట్టండి. బిల్లులు ఏ రోజువి ఆ రోజే.

ఎకనామిక్స్_మేడం:
చాలా థాంక్స్ అందరికీ. లాటరీ సంగతి స్టాఫ్ మీటింగ్‌ల పెడ్త. ఒక డౌట్, ఫలితం ఏం లేదని తేలితే? ప్రోగ్రామ్ ఎత్తేస్తరేమోనని మా ట్రైనర్ భయపడుతున్నడు, కాంట్రాక్ట్ ఉద్యోగం ఆయనది.

మూసీ_ఒడ్డు:
ఆ భయం నిజమైనదే మేడం. అందుకే ప్రోగ్రామ్ నడిపే డిపార్ట్‌మెంట్ దగ్గర కాకుండా ఐసీఎస్‌ఎస్‌ఆర్ లాంటి చోట అడగమనేది, లేదని తేలినా రిపోర్ట్ బయటికి వచ్చే వీలుంటుంది. పైగా పనిచేసిందా లేదా అని మాత్రమే అడక్కండి, ఇంగ్లీష్ పనికొచ్చిందా, కంప్యూటరా, అమ్మాయిలకి వేరుగా ఉందా, మధ్యలో మానేసినవాళ్ళు బస్సు టైం కుదరక మానేశారా, ఇవన్నీ విడివిడిగా అడగండి. మీ ట్రైనర్‌ని కూడా ప్రశ్నలు రాసేటప్పుడు కూర్చోబెట్టుకోండి, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఆయనకి తెలిసినంత మనకి తెలీదు.